రాయి దాటిన గడ్డి

గార్డు పోయాడన్న సంగతి నాకు ఆదోనిలో మిల్లు గేటు దగ్గర తెలిసింది. వానాకాలం గదా, పత్తి లేదు, మిల్లు మూసి ఉంది. రిపేరు పని ఏదైనా దొరుకుతుందేమోనని నలుగురం గేటు ముందర కూర్చుని ఉన్నాం. లోపలినుంచి జమేదారు చుట్ట ముట్టించుకుంటూ వచ్చి, నా వైపు చూసి, "మీ గార్డు పోయినాడంటనే. పొద్దున టీ తాగి మంచం మింద ఒరిగినోడు మళ్ళ లేయల్యాంట" అన్నాడు.

మీ గార్డు. ఒకప్పుడు ఎవరైనా నాతో ఆ మాట అని ఉంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి. ఆ పొద్దు లేచి తువ్వాలు దులుపుకుని మా సందుకేసి నడిచాను. అవును, మా గార్డే.

ఆయన పేరు నేను రాయను. దాచాలని కాదు, ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు. మా ఊరున్న ఆస్పరి దారి పల్లెల్లో గార్డు అంటే ఆయనొక్కడే. ఫారెస్టు గార్డు ఉద్యోగంలో ఉన్నప్పుడూ గార్డే, దిగిపోయినాకా గార్డే. మా అమ్మ మాత్రం చాలా ఏళ్ళు వేరే మాటలతో పిలిచింది. అవి అచ్చు వేయరు.

పోయినవాళ్ళ గురించి రాస్తే అంతా మంచే రాయాలంటారు. నాకా మర్యాద తెలియదు. నేను బడికి పోలేదు. పత్తి బేళ్ళ మీద గుద్దిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను, మిగిలింది పొట్లాల కాగితాలు నేర్పాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మా గొర్రెల నోటి దగ్గరి గడ్డి తీసేసింది గార్డే. దాన్ని తిరిగి తెచ్చిందీ గార్డే. రెండూ చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు.

మా ఊరి వెనక ఒక మిట్ట ఉంది. కొండ కాదు. ఎద్దులబండి ఆయాసం లేకుండా ఎక్కేంత వాలు, ఎర్రగరుసు నేల. నా చిన్నతనంలో దాని ఎదురుగా ఉన్న రాతిగుండు ఎక్కి చూస్తే మిట్ట మీద చారలు కనబడేవి. ఒక చార గడ్డి, అందులో తంగేడు, రేగు పొదలు. దాని పైన ఒక చార బోడినేల. మళ్ళీ గడ్డి. మళ్ళీ బోడి. అన్నీ వాలుకు అడ్డంగా, ఎవరో చారల కంబళి ఆరేసినట్టు. ఎవరూ నాటలేదు, ఎవరూ గీయలేదు. మా అమ్మ మంద ఆ గడ్డి చారల వెంబడే ఒక కొసనుంచి ఇంకో కొసకు మేసుకుంటూ పోయేది.

ఆ మిట్టకు గార్డు వచ్చాడు. అప్పుడాయనది నడివయసు. ఖాకీ కోటు, మెడలో ఈల. బోడి చారలు చూసేసరికి ఆయనకు మండింది. ఇంత నేల ఊరికే పడి ఉందే అని. పైవాళ్ళు చెప్పి చేయించారా అని చాలా ఏళ్ళ తరువాత అడిగితే, "ఎవురూ సెప్పల్యా. నా తెలివే" అన్నాడు. ఆ బోడి చారలన్నింటా తాడు పట్టి వరసగా గుంతలు తవ్వించాడు. వేప మొక్కలు, కానుగ మొక్కలు నాటించాడు. చుట్టూ కంప కొట్టించి గొర్రెలు రాకూడదన్నాడు. వచ్చిన గొర్రెల్ని బందెలదొడ్డికి తోలాడు.

దొడ్డి ముందర మా అమ్మ ఆయనతో మాట్లాడిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

"అప్పా, అవి నోరులేని జీవాలు. కంప యాడుందో, గడ్డి యాడుందో వాటికేం తెలుసు?"

"వాటికి తెలియకుంటే నీకు తెలియల్ల గదమ్మా. కొన్నేండ్లు ఓర్సుకో. ఈ మిట్టంతా అడివి అయితాది. నీ గొర్లు సల్లగా నీడన పండుకుంటాయి."

"నీడ తిని బతకవప్పా గొర్లు."

అడవి కాలేదు. మొక్కలు ఎండిపోయాయి. అంతవరకైతే పోనీ అనుకోవచ్చు. వాటి కింద ఉన్న గడ్డి చారలూ ఎండిపోయాయి. మొక్కలు లేని చోట, ఎవరూ ముట్టని చోట, గడ్డి ఎందుకు చచ్చిందో ఆయనకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. మిట్టంతా గుంతలు పడి, అమ్మవారు పోసి పోయిన మొహంలా మిగిలింది. మంద చిక్కిపోయింది. కొన్ని చచ్చాయి, మిగిలినవాటిని వదిలించుకున్నాం. నాన్న అప్పటికే లేడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆదోని వచ్చి జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి చేరింది. నేను పెద్దయి పత్తి బోరాలు మోయడానికి చేరాను. దూది దుమ్ముకు అమ్మకు దగ్గు పట్టింది. దగ్గు ఆగినప్పుడల్లా ఒకటే మాట.

"నాకు గాలి గావల్ల. నాలుగు గొర్లు గావల్ల. ఆ మిట్ట ఉండింటే ఈ దూది నాకేల?"

కర్నూలు రాజధాని అయిన ఏడాది గార్డు ఉద్యోగం దిగి, ఇంత పెద్ద ఆదోనిలో వేరే చోటు లేనట్టు మా సందులోనే ఇల్లు తీసుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒక మంచం, ఒక సున్నం కుండ, ఒక చీపురుపుల్లల కుంచె. సరిహద్దు రాళ్ళకు సున్నం పూయించి పూయించి ఆయనకు అదొక జబ్బయింది. కొళాయి కింది రాయికి పూశాడు. సందు మలుపులో బండ్లు తగలకుండా పాతిన రాయికి పూశాడు. ఒకరోజు మా గడప ముందు బండకూ పూసి పోయాడు.

"కదలకుండా కూసుంటే మనకూ పూస్తాడు, లేసి నడువుండప్పా" అనేది అమ్మ, ఆయనకు వినబడేలా.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. టీ గ్లాసు చేతిలో పట్టుకునే మునికాళ్ళ మీద కూర్చుని, రెండో చేతి వేలు నేలలోకి గుచ్చి చూసేవాడు. వాన పడిన మరునాడు సందులో ఎక్కడ చూసినా ఆయన వేలి గుంతలే. తడి ఎంత లోతు పోయిందో చూస్తున్నానని చెప్పేవాడు. సందులో ఏం పండిస్తాడో అని మేం నవ్వేవాళ్ళం.

ఒక పొద్దున అమ్మ జొన్నలు చెరుగుతూ ఉంటే ఆయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అమ్మా, నీతో పని పడింది."

"నా కాడ ఇంగ గొర్లు ల్యావు, దొడ్డికి తోలేకి."

నేను లేచి నిలబడ్డాను. ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే తోసేద్దామనే లేచాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"గొర్లు కాదమ్మా, నువ్వే గావల్ల. ఆ మిట్ట మింద ముందర గడ్డి యాడ యాడుండెనో నాకు సరింగా గుర్తు ల్యా. నేను నేల సూడల్యా, నా మొక్కలు సూసుకున్యా. నువ్వు సూసింటావు."

"ఇప్పుడు సూసి ఏం జేస్తావు? మళ్ళ గుంతలు తవ్వుతావా?"

"పూడుస్తా."

అమ్మ చాట కింద పెట్టింది. కాసేపు ఆయన కాళ్ళకేసి చూసింది. "ఆ తెగిపోయిన సెప్పులతో ఆడిదాంక నడ్సల్యావు. వేరేవి తొడుక్కోపో" అంది.

మా అమ్మ ఒప్పుకోవడం అట్లాగే ఉంటుంది.

నేనూ పోయాను. మిల్లు మూసిన నెలలు, వేరే పని లేదు. దారి పొడుగునా ఆయన్ని నాలుగు మాటలు అనొచ్చుననే ఆశ కూడా ఉంది. అన్నాను కూడా. అన్నీ విని, "నిజమే" అని పార భుజం మార్చుకునేవాడు. కోపం ఉన్నవాడికి ఇంతకంటే శిక్ష ఇంకోటి లేదు.

గుంతలు పూడుస్తున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వాన కొట్టింది. ముగ్గురం గుండు చాటుకు పరుగెత్తాం. అక్కడినుంచి మిట్ట కనబడుతోంది. బోడినేల పైపొర గచ్చులా గట్టిపడి ఉంటుంది, వాన దాని మీద పడి ఇంకలేదు. పలుచగా, దుప్పటి లాగినట్టు కిందికి జారింది. ఆ వాలులో ఎట్లాగో చావకుండా మిగిలిన ఒక గడ్డి దుబ్బుల వరస ఉంది. నీళ్ళు ఆ వరస దాకా వచ్చి ఆగాయి. ఆగి, అక్కడే నేలలోకి దిగిపోయాయి. వరసకు కింది వైపున నీళ్ళు పారనే లేదు.

గార్డు వానలోకి పరుగెత్తాడు. బోడినేలలో వేలు గుచ్చాడు. గోరు మునిగేంతే దిగింది. దుబ్బుల మొదట్లో గుచ్చాడు. వేలంతా దిగింది.

"రాండి! ఈడ సూడండి! బోడినేల ఊరికే కూసోల్యా. అది పని చేస్తాంది. తన మింద పడిన వాన తాను తాగకుండా కింది గడ్డికి పంపిస్తాంది. నేను దాని కడుపులో గుంతలు తవ్వినా. నీళ్ళు గుంతల్లో నిలిచె. మొక్కకు సాలల్యా, గడ్డికి అందల్యా. రొండూ సచ్చె."

ఆయన మొహం మీద వాన కారుతోంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, నేను అడగలేదు.

అమ్మ కొంగు నెత్తిన వేసుకుని వచ్చి తానూ వేలు గుచ్చి చూసింది. "నాకు ముందే తెలుసు అనను. గొర్లు తొక్కి తొక్కి బోడి అయింటాది అనుకున్యా ఇన్నాళ్ళూ. మా అత్త అయితే అది ఎవురో పెట్టిన శాపం అనేది" అంది.

నేను కూలీల సంఘం మీటింగుల్లో గొంతు చించుకునేవాణ్ణి, దున్నని నేల ఉంచడం పాపమని. ఇప్పటికీ అంటాను. కామందులు తాళం వేసుకున్న నల్లరేగళ్ళ గురించైతే ఎక్కడైనా అంటాను. కానీ ఆ మిట్ట మీద నా నోరు ఆగింది. మిల్లు మూసిన నెలల్లో మమ్మల్ని చూసి సోమరిపోతులని తిట్టిపోయే పెద్దమనుషులు ఆ వానలో మా పక్కన నిలబడి ఉంటే బాగుండేది. ఉత్తగా పడి ఉన్నట్టు కనబడేది ఎవరి బతుకు మోస్తోందో తడి లోతు చూస్తే గానీ తెలియదు.

గుంతలు పూడ్చినంత మాత్రాన గడ్డి రాదు. నీళ్ళను ఆపడానికి గడ్డి కావాలి, గడ్డి రావడానికి నీళ్ళు ఆగాలి. అందుకని గడ్డి బదులు తుమ్మ కంప అడ్డం పరిచి, మీద రాళ్ళు పెడదామన్నాడు గార్డు. అని, మళ్ళీ తాడు తీశాడు. ఈ కొసనుంచి ఆ కొసకు బిగించి, గీత గీసినట్టు కంప పరిపించాడు.

"నీ తాడు మాట వాన ఇంటాదా?" అంది అమ్మ.

వినలేదు. తరువాతి వానకు నీళ్ళన్నీ ఆ గీతలో పల్లంగా ఉన్న చోటికి చేరి, కంపను తోసుకుని, కింద వంక కోసుకుని పోయాయి. గార్డు దాని అంచున నిలబడి చూసి, "నేను దిగినా గానీ నా సెయ్యి ఇంగా ఉద్యోగంలోనే ఉండాది" అని తాడు చుట్టి నా మీదికి విసిరాడు. మళ్ళీ దాన్ని బయటికి తీయలేదు.

అప్పుడు అమ్మ చూపించింది. వాన వెలిశాక పుల్లలు, ఎండుటాకులు, గొర్రె పెంటికలు, నురుగు, అన్నీ కొట్టుకుపోయి ఒక గీతగా ఆగిపోయి ఉన్నాయి, వంకర టింకరగా, వాలుకు అడ్డంగా. "వాన తానే గీసి పోయిందప్పా. దాని మిందనే పెట్టు" అంది. ఆ చెత్త గీత మీదే కంప పరిచాం. గాలికి వచ్చిన దుమ్ము, గింజలు కంపలో చిక్కాయి. చెదలు కంపను తిని నేలకు బొక్కలు పెట్టాయి, ఆ బొక్కల్లోకి నీళ్ళు దిగాయి. కంప మాయమైపోయేసరికి అక్కడ బోదగడ్డి నిలబడింది. తరువాత తంగేడు మొలిచింది.

ఒక ఏడు వాన ఎగ్గొట్టింది. చారలు ఎక్కడికక్కడ తెగిపోయాయి. నేను మండిపడ్డాను, ఇంత చాకిరీ గాలికి పోయిందని. గార్డు తెగిన చార వెంబడి నడుస్తూ ఒక్కొక్క దుబ్బునూ ఊపి చూశాడు.

"సార తెగితే దుబ్బులైతాదిరా. దుబ్బు బతికుంటే సాలు. వాన వచ్చి మళ్ళ కలుపుకుంటాది."

కలుపుకుంది. కానీ ఉన్నచోటే కలుపుకోలేదు. పైనుంచి వచ్చే నీళ్ళు ముందు పై అంచుకే అందుతాయి గనక కొత్త మొలకలన్నీ పై అంచునే వచ్చాయి. కింది అంచున ముసలి దుబ్బులు నీళ్ళందక బూడిదరంగు తేలి రాలిపోయాయి. గార్డు దాన్ని చూసి చిన్నపిల్లవాడిలా గంతులు వేశాడు.

"గడ్డి నడుస్తాంది! నీళ్ళు వచ్చే దిక్కుకు ఎక్కుతాంది!"

"కాళ్ళుండాయా దానికి?" అంది అమ్మ.

"సూడు మరి." పై అంచుకు కొంచెం ఎగువన, బోడినేల మీద ఒక రాయి పాతి సున్నం పూశాడు. "గడ్డి ఈ రాయి దాటిన పొద్దు నీ మందకు నేనే ఈల ఊదుతా. పట్టేకి కాదు, మేసేకి."

అప్పటికి అమ్మ మిల్లు మానేసి, కొన్ని గొర్రెపిల్లల్ని తోలుకుని ఊరికి వెళ్ళిపోయింది. దగ్గు తగ్గింది. వాళ్ళిద్దరి తగువు మాత్రం తగ్గలేదు. తొలివానకు పై అంచు తొక్కించవద్దని ఆయన. ఆకలికి అంచు తెలుస్తుందా అని ఆమె.

"మళ్ళ దొడ్డికి తోలుతావా ఏమి?"

"తోల్తా. నీ గొర్లెంబడి నేనూ వచ్చి దొడ్లో కూసుంటా పా!"

ఈ ఎండాకాలం అసలు పరీక్ష వచ్చింది. మిట్ట పచ్చబడడం ఊరంతా చూసింది. ఇంత గడ్డి వచ్చిందంటే నేలలో సత్తువ ఉన్నట్టే గదా, ఆ బోడి పట్టీలు దున్ని కొర్ర విత్తుకుందామని చావడి దగ్గర కూర్చున్నారు. అడిగినవాళ్ళు కామందులు కాదు. సెంటు నేల లేనివాళ్ళు, నా వాళ్ళే. వాళ్ళ ఆకలి అబద్ధం కాదు. అందుకే నేను నోరు తెరవలేకపోయాను.

గార్డు లేచాడు. బోడి పట్టీ దున్నితే గడ్డి చస్తుందని మొదలుపెట్టాడో లేదో, వెనకనుంచి కేకలు లేచాయి.

"నువ్వు కూసోప్పా! నువ్వు జేసిందే ఇంగా మర్సిపోల్యా!"

ఆయన కూర్చున్నాడు. కోటు బొత్తాం తిప్పుకుంటూ తల వంచుకున్నాడు. దొడ్డి ముందర మా అమ్మ నిలబడిన తీరు నాకు గుర్తొచ్చింది.

అమ్మ లేచింది. "ఈయన మాట ఇనద్దండి. నా మాట ఇనండి. ఒకతూరి ఆ బోడి తవ్వితే గడ్డి సచ్చింది. నా మంద సచ్చింది. నేను దూది మింగి బతికినా. తవ్వినోనికే తెలియకుండా జరిగింది అది. మీకు తెలిసి తెలిసి దున్నుతారా?"

"ఏమక్కా, నీ గొర్లను దొడ్డికి తోలినోని పక్క మాట్లాడతాండావే!"

"ఆయప్ప పక్క కాదు, గడ్డి పక్క. మిట్ట అడుగున వండ్రు పేరిన నేల ఉండాది, సూసినారా? పెద్దవానకు పొంగిన నీళ్ళు ఆడికే దిగుతాయి. ఆడ దున్నుకోండి, నేనే వచ్చి కంప తీస్తా. పైకి మాత్రం రావద్దండి."

తగువు పొద్దు వాలేదాకా నడిచింది. చివరికి ఈ ఏటికి అడుగున విత్తి చూద్దామని తేల్చారు. ఈ ఏటికి మాత్రమే, పండకపోతే పైకి ఎక్కుతామని.

బయటికి వచ్చాక గార్డు మా అమ్మ ముందర నిలబడి, "అమ్మా..." అన్నాడు.

"ఇంట్లో సున్నం ఉందా?" అంది అమ్మ. "రాయి మాసిపోయింది. పోయి పూసుకో."

పోయి పూసి వచ్చాడు. అదే ఆయన మిట్ట ఎక్కడం ఆఖరు. తరువాత మోకాళ్ళు పట్టేశాయి. నేను ఊరికి పోయి వచ్చినప్పుడల్లా మంచం మీదనుంచి అదే అడిగేవాడు, రాయి దాటిందా అని. లేదని చెప్పేవాణ్ణి. "దాటుతాది లే" అని వేలు చూపించేవాడు, ఎంత లోతు తడి అన్నట్టు.

ఆయన్ని దహనం చేసి వచ్చాక పెద్దవాన పడింది. కర్మలు ముగిసినాక ఊరికి పోయాను. దారంతా ఒకటే భయం. అడిగే మనిషి పోయాడు, నాగళ్ళు పైకి ఎక్కి ఉంటాయేమోనని. మిట్ట అడుగున కొర్ర మోకాలెత్తు నిలిచి ఉంది. చివరి సాలు ఆ వండ్రునేల అంచునే ఆగింది. పైన బోడినేల ఎవరూ ముట్టకుండా, వానకు నునుపు తేలి ఉంది.

అమ్మ అప్పటికే రాయి దగ్గర మునికాళ్ళ మీద కూర్చుని ఉంది. రాయికి రెండు పక్కలా గడ్డి. ఎగువన జానెడు మేర సూదుల్లాంటి కొత్త మొలకలు. ఆమె వాటి పక్కన వేలు గుచ్చి, తీసి, మట్టి తుడుచుకోకుండా అట్లాగే కూర్చుంది. ఈల ఊదడానికి మనిషి లేడు.

కాసేపటికి లేచి, మందను ఆ మొలకల మీదికి పోనీయకుండా కర్ర అడ్డం పెట్టి, కింది అంచుకు మళ్ళించింది. ఒక నల్ల పిల్ల మాత్రం తప్పించుకుని వచ్చి, దురద పుట్టిందేమో, తడిసిన రాయికి ఒళ్ళు రుద్దుకుని మళ్ళీ మందలోకి పరుగెత్తింది. సాయంత్రం గొర్రెలు ఊళ్ళోకి దిగుతుంటే దాని నల్లటి పక్క మీద గార్డు సున్నం ఒక తెల్లటి చారగా కనబడుతూ పోయింది.